డబ్బాలో చూసిన మొహం

పద్మనాభయ్యకు ఏ ముచ్చటైనా ఆరు నెలలే. ఏడో నెల వచ్చేసరికి ఆవలింతలు మొదలయ్యేవి. “వీడు ఆడపిల్లగా పుట్టుంటే ఈపాటికి నాలుగు కాపురాలు మారుండేవాడు” అని కన్నతల్లి వెంకటశేషమ్మే అనేది. ఆ మాట ఇంకొకరి నోట వస్తే మాత్రం ఊరుకునేది కాదు.

బోగోలుకు తూర్పున, గాలి వాటంగా ఉన్న రోజున సముద్రం హోరు వినపడే దూరంలో వాళ్ళ ఊరు. అన్న రంగనాయకులు నాలుగో తరగతిలో బడి మానేసి మడక పట్టి సేద్యంలో దిగాడు. తాను మానిన చదువు కూడా కలిపి తమ్ముడు చదవాలని ఆయన పంతం. వదిన కామాక్షమ్మ ఆ ఇంట అడుగు పెట్టేనాటికి పద్మనాభయ్యకు ఎనిమిదేళ్ళు. ఆమెకు పద్నాలుగు. తలకు నూనె రుద్దింది, బడికి సద్ది కట్టింది, దెబ్బలు తగిలించుకొని వస్తే అత్తకు తెలియకుండా పసుపు పెట్టింది. ఆమెకేమో ఏడేళ్ళు కడుపు పండలేదు. పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకున్నాక ఒక ఆడపిల్ల పుట్టింది. పెంచలమ్మ అని పేరు పెట్టి, పెంచలా అని పిలుచుకున్నారు. ఎడమ బుగ్గ మీద మినపగింజంత పుట్టుమచ్చ. దిష్టి చుక్క దేవుడే పెట్టి పంపించాడని కామాక్షమ్మ మురిసిపోయేది.

యాభై ఎనిమిదిలో పద్మనాభయ్య నెల్లూరు వెళ్ళి కాలేజీలో చేరాడు. ఆ కాలేజీలో పుస్తకాలకు కరువేమో గానీ సంఘాలకు కరువు లేదు. నాటక సంఘం, సంగీత సంఘం, చిత్రకళా సంఘం. ప్రతి సంఘానికీ ఒక లెక్చరరు అధ్యక్షుడు, ఒక విద్యార్థి కార్యదర్శి. పల్లెటూళ్ళ నుంచి వచ్చిన పిలకాయలకు ఆ బోర్డులు చూస్తే తిరునాళ్ళలో మిఠాయి అంగళ్ళు చూసినట్టు ఉండేది. పద్మనాభయ్య ముందుగా నాటక సంఘంలో దూరాడు. భటుడి వేషం, ఒకే ఒక్క మాట. “ప్రభూ, శత్రువులు కోటను ముట్టడించినారు” అనాలి. నెల రోజులు హాస్టలు మెట్ల మీద కూర్చొని వల్లించాడు. తీరా తెర లేచాక, దీపాల వెలుగులో ముందున్న జనం కనబడగానే నోరు ఎండిపోయి, “సామీ, వాళ్ళొచ్చేసుండారు” అన్నాడు. రాజు వేషం వేసినవాడికే నవ్వు ఆగలేదు. ఆ నాటకంలో ఆ తరువాత రాజ్యం పోయిందో ఉందో ఎవరికీ గుర్తు లేదు.

తరువాత ఫిడేలు. హాస్టలు వార్డెను మూడు వారాలు ఓర్చుకొని, “నాయనా, నీకు చెట్టు కింద గాలి బాగుంటుంది” అని బయటికి పంపించాడు. ఆ తరువాత బొమ్మలు వేయడం. ఆరు నెలలూ ఒక్క కుండనే వేయించారు. మాస్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “కుండకు నెలలు నిండినట్టుండాయే” అన్నాడు.

సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ పూట తనకు పట్టిన పిచ్చిని పద్మనాభయ్య ఇంటికి మోసుకొచ్చేవాడు. తల్లి గొణిగేది. అన్న వినీ విననట్టు ఎద్దులకు మేత వేసేవాడు. కామాక్షమ్మ ఒక్కతే చీరకొంగుకు చేతులు తుడుచుకొని ఎదురుగా కూర్చొనేది.

“ఈసారి ఏం తెచ్చినావబ్బయ్యా?”

ఫిడేలు వాయిస్తే చివరిదాకా విన్నది. కుండ బొమ్మను అన్నం మెతుకులతో వంటింటి గోడకు అంటించింది. ఎవరు అడిగినా, “మా మరిది వేసినాడు, చెయ్యి పెడితే నీళ్ళు తగిలేటట్టు లేదూ” అనేది. లోకంలో ఎవరి పిచ్చికైనా అట్లా కూర్చొని చూసేవాళ్ళు ఒకరుంటారు. వాళ్ళ విలువ ఆ పిచ్చి ఉన్నన్నాళ్ళూ తెలియదు.

అరవై మొదట్లో కాలేజీలో ఫొటో సంఘం పెట్టారు. నెల్లూరు ప్లీడరు గారి అబ్బాయి జయకుమార్ కార్యదర్శి. పద్దెనిమిది మందికి కలిపి ఒక్కటే కెమేరా, నల్లటి డబ్బా. నేర్పడానికి ప్రతి ఆదివారం అమీర్ బాషా వచ్చేవాడు. పెద్ద బజారులో ఆయనకు చిన్న ఫొటో స్టూడియో ఉండేది. సన్నగా, పొడుగ్గా, గంధం రంగు చొక్కా వేసుకొని, మాట కంటే ముందు చేయి కదిపే మనిషి. ఒక టీ తాగి మూడు గంటలు చెప్పేవాడు.

“కంటికి పెట్టుకొని చూసేది కాదు నాయనా ఇది. కడుపుకు ఆనించుకో. పైనుంచి వంగి ఈ బిళ్ళలో చూడు. లోపల అద్దం ఉండాది. అద్దం గాబట్టి కుడి ఎడమ అవుతుంది, ఎడమ కుడి అవుతుంది. ఫొటోలో మటుకు ఉండేది ఉండేటట్టే పడుతుంది. చూపించేది అద్దం, పట్టుకొనేది ఫిల్ము. రెండూ ఒకటి అనుకోబాకండి.”

పిలకాయలు డబ్బాను కుడికి తిప్పబోయి ఎడమకు తిప్పి, మనుషుల తలలు నరికి కాళ్ళు తీసి నవ్వులపాలయ్యారు. పద్మనాభయ్య మాత్రం వంగి చూశాడు, ఊపిరి బిగబట్టాడు, నొక్కాడు. కడిగి తీస్తే, హాస్టలు వంటాయన గంజి వార్చే చేతులు, ఆవిరితో సహా వచ్చాయి. అమీర్ బాషా ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకొని, “నీ చెయ్యి వణకదు రా” అన్నాడు. పుట్టినప్పటి నుంచి పద్మనాభయ్యను ఒక విద్యలో ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. ఆరు నెలల రోగం ఆ రోజుతో కుదిరిందనే అనుకోవాలి.

ఆ ఏడు తిరుపతిలో యూనివర్సిటీ వాళ్ళు కాలేజీలన్నిటికీ పోటీలు పెట్టారు. అందులో ఫొటోల పోటీ కూడా ఉంది. వేసవి సెలవులకు డబ్బాను ఊరికి తీసుకుపోనిచ్చారు. ఫిల్ము దొరకని రోజులు. ఒక చుట్ట ఇచ్చి, “ఎనిమిది పడతాయి, తొమ్మిదోది దేవుణ్ణడిగినా పడదు” అని చెప్పి పంపించాడు అమీర్ బాషా.

ఊళ్ళో ఆరు తీశాడు. నెర్రెలు విచ్చిన చేను, ఎద్దు కన్ను, సరుగుడు చెట్ల నీడలు, అట్లాంటివి. మనుషుల్ని తీయలేదు. మనుషుల్ని కూర్చోబెట్టి తీయడం బజారు స్టూడియో పని, కళ కాదు అని సంఘంలో అనుకొనేవాళ్ళు. ఇక రెండే మిగిలాయి. ఆ రెండూ మైపాడులో, సూర్యుడు సముద్రంలో నుంచి లేచేటప్పుడు తీయాలని జయకుమార్‌తో అనుకొని ఉన్నాడు.

బయలుదేరే రోజు పొద్దున పెంచల దారికి అడ్డం నిలబడింది. నాలుగున్నరేళ్ళ పిల్ల. తల్లి పాత చీరతో కుట్టించిన ఎర్ర లంగా కట్టుకొని, తలకు నూనె పెట్టించుకొని, చేతులు రెండూ నడుముకు పెట్టుకొని సిద్ధంగా ఉంది.

“నన్ను తియ్యి చిన్నాయనా. ఎద్దును తీస్తివి గదా.”

“పసిబిడ్డకు ఫొటో ఏందిరా, ఆయుస్సు తరిగిపోతుంది” అన్నది వెంకటశేషమ్మ అరుగు మీద నుంచి.

“తియ్యనీలే అత్తా” అన్నది కామాక్షమ్మ. “నాకు ఉండేది అదొక్కతే. పెద్దదై అత్తగారింటికి పోతే చూసుకోవద్దా. తియ్యబ్బయ్యా.”

పద్మనాభయ్య డబ్బా కడుపుకు ఆనించుకొని వంగాడు. అద్దపు బిళ్ళలో పెంచల కనబడింది, బొటనవేలి గోరంత. నూనె మెరుపు, బుగ్గ మీది మచ్చ, పెదవులు బిగించి నవ్వు ఆపుకుంటున్న మొహం. వేలు మీట మీదికి పోయింది. అక్కడే ఆగింది. రెండే ఉన్నాయి. ఒకటి ఇక్కడ పోతే మైపాడులో ఒక్కటే, అది చెడితే తిరుపతికి ఏం పంపుతాడు. పిల్ల ఎక్కడికి పోతుంది, దసరాకు వచ్చినప్పుడు తీయవచ్చు.

మీట నొక్కలేదు. నాలుకను అంగిలికి తాకించి, టక్ మనిపించాడు.

“అయిపోయిందా?”

“అయిపోయింది.”

“చూపించు.”

“నెల్లూరులో కడగాల. కడిగితే గానీ కనబడవు.”

పెంచల ఎగురుకుంటూ వీధిలోకి పరుగెత్తింది, తన ఫొటో నెల్లూరికి పోతున్నదని చెప్పడానికి. కామాక్షమ్మ మరిది సంచిలో వేరుసెనగ ఉండలు పెట్టింది. అది పెద్ద అబద్ధమని అతనికి అప్పుడు తోచలేదు. పసిపిల్లల్ని ఏమార్చడానికి ఇంటింటా ఆడేదే గదా అనుకున్నాడు. పసిపిల్ల వెనక దాని తల్లి కూడా నిలబడి ఉందన్న మాట మరచిపోయాడు.

మైపాడులో ఆ పొద్దు సూర్యుడు మబ్బులోనే లేచాడు. జయకుమార్ విసుక్కొని ఇసుకలో పడుకున్నాడు. ఇద్దరూ వెనక్కి తిరగబోతుంటే, పడవ మీద నుంచి దిగిన వలను పెద్దవాళ్ళు లాగుతున్న చోట, చేపలు పట్టే పల్లెకారుల పిల్ల ఒకతి తాడు కొస పట్టుకొని తానే అంతా లాగుతున్నట్టు వెనక్కి వాలి నిలబడింది. నాలుగైదేళ్ళుంటాయి. గాలికి జుట్టు సగం మొహం కప్పేసింది. డబ్బా వైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వు పెంచల నవ్వులాగే ఉందని పద్మనాభయ్యకు అనిపించింది. అనిపించినందువల్లనే నొక్కాడు. రెండూ ఆ పిల్ల మీదనే అయిపోయాయి.

ఒకటి చెడింది. ఒకటి తిరుపతిలో మొదటి బహుమతి తెచ్చింది. సంఘం వాళ్ళు పద్మనాభయ్యను భుజాల మీద ఎత్తుకొని కాలేజీ చుట్టూ తిప్పారు.

దసరాకు సర్టిఫికెట్టు తీసుకొని ఇంటికి వచ్చాడు. కెమేరా తేలేదు, అది జయకుమార్ వంతు. కామాక్షమ్మ సర్టిఫికెట్టును పసుపు కుంకుమ పెట్టి దేవుడి గూట్లో పెట్టింది.

“పెంచల ఫొటో ఏదబ్బయ్యా?”

“ఇంకా కడగలేదు వదినా. దీపావళికి తెస్తాను.”

“పొద్దస్తమానం అదే అడుగుతుంది. వీధంతా చెప్పుకొని ఉండాది.”

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. తీయలేదు వదినా, ఈసారి తీస్తాను అంటే, ఆమె నవ్వి నెత్తిన ఒక మొట్టికాయ వేసి ఉండేది. కాని భుజాల మీద ఊరేగి వచ్చినవాడికి, ఫిల్ము మిగుల్చుకోవడానికి పసిబిడ్డను మోసం చేశానని చెప్పడం చిన్నతనంగా తోచింది. మనిషి పెద్ద తప్పుకు భయపడి అబద్ధమాడడు, చిన్న సిగ్గుకు ఆడతాడు.

దీపావళికి పద్మనాభయ్య ఊరికి రాలేదు. కార్తీకంలో ముసురు పట్టింది. పెంచలకు జ్వరం వచ్చి, గొంతు వాచి, మంచినీళ్ళు కూడా దిగలేదు. కావలికి తీసుకుపోదామని రంగనాయకులు బండి కడితే వాగు అడ్డం పడింది. ఒక పగలంతా బండి వాగు ఒడ్డునే నిలబడింది. కామాక్షమ్మ పిల్లను ఒళ్ళో పెట్టుకొని గొడుగు పట్టింది. నీళ్ళు తగ్గేసరికి ఆసుపత్రితో పని లేకపోయింది.

మూల నలుపు పూసిన కార్డు నెల్లూరు చేరడానికి మూడు రోజులు పట్టింది. పద్మనాభయ్య బిట్రగుంట దాకా రైల్లో వచ్చి, అక్కడి నుంచి బురదలో నడిచి, ఇంటికి వచ్చేసరికి పూడ్చిన మన్ను కూడా వానకు కుంగిపోయింది. తల్లి అతన్ని పట్టుకొని ఏడ్చింది. అన్న అరుగు మీద కూర్చొని తలెత్తలేదు. కామాక్షమ్మ వంటింటి గడపకు ఆనుకొని ఉంది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

“వచ్చినావా” అన్నది. “ఫొటో తెచ్చినావా?”

అతను చేతిలోని సంచి కింద పెట్టాడు.

“దాన్ని చూసుకొనేదానికి నాకు ఇంకేం లేదబ్బయ్యా. నువ్వు తీసింది ఒక్కటే ఉండాది. కడగకపోయినా ఫరవాలేదు, అట్టనే తెచ్చియ్యి. నేను చూసుకుంటాను.”

“తెస్తాను వదినా” అన్నాడు. అది మూడో అబద్ధం. మొదటిది నాలుకతో ఆడాడు, రెండోది సిగ్గుతో ఆడాడు, ఇది మాత్రం గుండె పగిలి ఆడాడు. అయినా అబద్ధమే.

నెల్లూరు వచ్చి స్నానమైనా చేయకుండా అమీర్ బాషా స్టూడియోకు పోయాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. బాషా వింటూ చేతిలోని గుడ్డతో ఒకే గాజు పలకను తుడుస్తూ కూర్చున్నాడు.

“తియ్యని ఫొటో నేను యాడినుంచి తెచ్చేది నాయనా?”

పద్మనాభయ్య మైపాడు పిల్ల ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు.

బాషాకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక ఆ ఫొటోను చేత్తో తాకలేదు.

“ఈ బిడ్డ బతికుండాది గదరా” అన్నాడు. “మైపాడులో పొద్దున్నే లేచి చద్దన్నం తింటుంటుంది. బతికుండే బిడ్డను తెచ్చి పోయిన బిడ్డ పీట మీద కూర్చోబెట్టమంటావా? నాకూ ఆడబిడ్డ ఉండాది. నా చెయ్యి ఆడదు.”

“మా వదిన అన్నం తినడం లేదన్నా.”

“నా మాట విను. పోయి నిజం చెప్పు. తిడుతుంది. ఒక ఏడాది నీతో మాట్లాడదు. అంతటితో పోతుంది. ఇది పోదు. ఇది గోడకెక్కి కూర్చుంటుంది.”

పద్మనాభయ్య రెండో రోజూ పోయాడు. మూడో రోజు పోయి గడప దగ్గర కూర్చొని లేవలేదు. బాషా చాలాసేపు పని చేసుకుంటున్నట్టు నటించి, చివరికి సన్న కుంచె తీశాడు. గాలికి రేగిన జుట్టును నున్నగా దువ్వాడు. నుదుట బొట్టు పెట్టాడు. మెడలో పూసల దండ వేశాడు. వెనక సముద్రాన్ని చెరిపేసి తెర దించాడు. చేతిలోని తాడు పూలకొమ్మ అయింది.

“మచ్చ ఉండాదన్నావే. ఏ పక్క?”

పద్మనాభయ్య కళ్ళు మూసుకున్నాడు. పెంచల కనబడింది, డబ్బా మీది బిళ్ళలో, నూనె మెరుపుతో, నవ్వు ఆపుకుంటూ. “ఈ పక్క” అని వేలు పెట్టి చూపించాడు. కుడి బుగ్గ. ఎత్తుకొని తిప్పిన పిల్ల, చంకనెక్కి చెవులు పీకిన పిల్ల. దాని మొహం కళ్ళతో చూసింది గుర్తు రాలేదు గానీ, డబ్బాలో చూసింది గుర్తొచ్చింది. అద్దం కుడి ఎడమ చేస్తుందని మొదటి ఆదివారమే చెప్పిన మాట ఆ క్షణాన గురువుకూ తట్టలేదు, శిష్యుడికీ తట్టలేదు. కుంచె మొనతో చిన్న చుక్క పడింది.

పుష్యమాసంలో చట్రం కట్టించి ఇంటికి తీసుకుపోయాడు. వెంకటశేషమ్మకు అప్పటికే కళ్ళల్లో పొర. ఫొటోను మొహానికి ఆనించుకొని, “నా తల్లి, నా తల్లి” అని గాజుకు ముద్దులు పెట్టింది. రంగనాయకులు ఒక్కసారి చూశాడు. తువ్వాలుతో మొహం తుడుచుకొని ఎద్దుల దగ్గరికి పోయాడు. మళ్ళీ ఆ ఫొటో వైపు ఆయన తలెత్తి చూడగా ఎవరూ చూడలేదు. ఏం కనబడిందో, ఏం కనబడలేదో ఆయన చెప్పలేదు.

కామాక్షమ్మ దాన్ని వాకిట్లోకి తీసుకుపోయి వెలుతురులో పట్టుకుంది.

“ఆ పొద్దు జుట్టు ఇట్ట దువ్వలేదే. చేతులు నడుముకు గదా పెట్టుకొనింది, ఈ కొమ్మ ఏంది?”

“బాషా గారు సర్దినాడు వదినా. ఫొటోలకు అట్ట చేస్తారు.”

“మొహం రవ్వంత నిండుగా ఉండాది.”

“వెలుతురు.”

ఆమె వేలు గాజు మీద మెల్లగా జరిగి మచ్చ దగ్గర ఆగింది. “మచ్చ ఈ పక్క కాదే.”

పద్మనాభయ్యకు అప్పుడు తట్టింది. తాను బాషాకు చూపించింది అద్దంలోని పక్క. చెప్పేయడానికి దేవుడు తెరిచిన తలుపు అదే. అతను దాన్ని కూడా మూశాడు.

“ఫొటోలో కుడి ఎడమగా పడుతుంది వదినా. అద్దంలో మాదిరి.”

ఆమె ఇంకా కాసేపు చూసింది. ఏనాడూ బడి గడప తొక్కని మనిషి. ఎదురుగా నిలబడింది తాను పెంచిన పిల్లవాడు, కాలేజీ చదువు, తిరుపతి సర్టిఫికెట్టు.

“చదువుకున్నోడివి, నీకు తెలుస్తుంది” అన్నది. ఫొటోను గుండెకు ఆనించుకొని లోపలికి పోయింది. ఆ పూట రెండు ముద్దలు తిన్నదని తల్లి చెప్పింది.

నెల్లూరికి తిరిగి వచ్చి పద్మనాభయ్య ఫొటో సంఘంలో పేరు కొట్టేయించుకున్నాడు. జయకుమార్ నవ్వాడు. “ఆరు నెలలు దాటితే అనుమానించినాం లేవోయ్. ఈసారి ఏంది, బుట్టలల్లడమా?” హాస్టలంతా నవ్వింది. అతనూ నవ్వాడు. ఏ సంఘంలోనూ మళ్ళీ చేరలేదు. ఊపిరి బిగబట్టి దేనినీ చూడలేదు. బి.ఏ. అత్తెసరు మార్కులతో గట్టెక్కి, గూడూరులో తాలూకా కచేరీలో గుమాస్తాగా కుదిరాడు. పెళ్ళికి ఫొటో వద్దన్నాడు. మామగారు పిసినారి అల్లుడు దొరికాడని సంతోషించాడు. ఊరికి పోవడం తగ్గించాడు. పోయినా, ఫొటో ఉన్న గోడకు వీపు పెట్టి కూర్చొనేవాడు.

కామాక్షమ్మకు మళ్ళీ పిల్లలు కలగలేదు.

అరవై ఎనిమిది వేసవికి పద్మనాభయ్య కూతురికి అయిదో ఏడు వచ్చింది. ఒక పొద్దున ఆ పిల్ల నడుముకు చేతులు పెట్టుకొని నిలబడి, బజారులో ఫొటో తీయించమని మారాం చేసింది. అతను లేచి చొక్కా వేసుకొని, భార్యకు ఏం చెప్పకుండా స్టేషనుకు పోయాడు. వదినకు చెప్పేయాలి. తిట్టినా సరే, చీపురు తీసుకున్నా సరే. ఎనిమిదేళ్ళు కావస్తున్నది, ఇక మోయలేడు.

అతను పోయేసరికి కామాక్షమ్మ ఫొటోను గోడ నుంచి దించి ఒళ్ళో పెట్టుకొని ఉంది. వానలకు గోడ చెమ్మ ఎక్కి, చట్రానికి చెదలు పట్టి, కాగితం అంచుల నుంచి పసుపుగా తేలిపోతున్నది. జుట్టు సగానికి సగం పోయింది. ముప్పై నాలుగేళ్ళకే ఆమె తల కూడా సగం నెరిసింది.

“మంచి సమయానికి వస్తివబ్బయ్యా. నీకే కార్డు రాయిద్దామనుకుంటుండా.”

“వదినా, నీకొక మాట చెప్పాల.”

“చెబుదువుగానిలే. ముందు నా మాట విను. మీ అన్నతో అంటే బాధపడతాడని ఎవురికీ చెప్పలేదు.” ఆమె గొంతు తగ్గించింది. “దాని మొహం నాకు గుర్తుకు రావడం లేదు.”

అతను అరుగు మీద కూర్చున్నాడు.

“కండ్లు మూసుకుంటే ఈ ఫొటోలోదే వస్తుంది. అది అన్నం తినేటప్పుడు ఎట్ట ఉండేది, నిద్దరపోయేటప్పుడు ఎట్ట ఉండేది, ఎంత తలుచుకున్నా రాదు. ఇట్ట నవ్వుకుంటానే అన్నం తింటుంది, ఇట్ట నవ్వుకుంటానే నిద్దరపోతుంది. మొదట్లో మచ్చ ఎడమ పక్క అనుకొనేదాన్ని. ఇప్పుడు కల్లో దాన్ని తడిమితే చెయ్యి కుడి పక్కకే పోతుంది. కన్నతల్లిని, ఇది ఎవురితో చెప్పుకొనేదబ్బయ్యా? నువ్వు ఆ పొద్దు తీసుండకపోతే నాకు ఇది కూడా ఉండేది కాదు. ఇప్పుడు ఇదీ పోతా ఉండాది.”

పందిరి కింద కోడి ఒకటి మన్ను గీకుతున్నది. పద్మనాభయ్య దాన్నే చూస్తూ ఉన్నాడు. నిజం చెబితే ఆమె చేతిలో ఉన్నది మైపాడు పిల్ల అవుతుంది. పెంచల మాత్రం తిరిగి రాదు. ఎనిమిదేళ్ళ కింద చెప్పి ఉంటే ఆమెకు ఫొటో లేకపోయేది గానీ బిడ్డ మొహం ఉండేది. ఫొటో ఇచ్చి మొహం లాక్కున్నాడు. ఆ లెక్క అంతా అతనికి అక్కడ కూర్చున్నచోటనే అర్థమయింది.

“నువ్వేందో చెప్పాలంటివే?”

“ఏం లేదు వదినా. బాగా తేలిపోయింది గదా. ఇంకోటి వేయించుకొస్తాను.”

అమీర్ బాషా ముసలివాడయ్యాడు. కళ్ళద్దాలు లావయ్యాయి. పాత పెట్టెలన్నీ దించి ఫిల్ము ముక్క వెతికి తీశాడు. చీకటి గదిలో ఎర్ర దీపం కింద కాగితం తొట్టిలో ముంచితే, మెల్లగా ఆ మైపాడు పొద్దు తేలి వచ్చింది. మబ్బు, వల, తాడు కొస, గాలికి రేగిన జుట్టు, నవ్వు. బొట్టు లేదు, మచ్చ లేదు. ఇద్దరూ వంగి చూశారు. ఆ పిల్లకు ఇప్పుడు పెళ్ళీడు వచ్చి ఉంటుందని ఇద్దరికీ తోచింది.

ఆరిన తరువాత బాషా కుంచె తీసి అతని చేతిలో పెట్టాడు. “నువ్వే వెయ్యి. నా కండ్లు ఆనడం లేదు.”

ఆరు నెలలు కుండ వేసి దానికి కడుపు తెప్పించినవాడు మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. సముద్రాన్ని చెరిపి తెర దించాడు. తాడును పూలకొమ్మ చేశాడు. జుట్టు దువ్వాడు. దండ వేశాడు. బొట్టు పెట్టాడు. బుగ్గ దగ్గరికి వచ్చేసరికి కుంచె ఆగింది.

“ఏ పక్కో ఇప్పుడు తెలుసు గదా నీకు” అన్నాడు బాషా, గోడ వైపు చూస్తూ.

“తెలుసన్నా.”

పద్మనాభయ్య ఊపిరి బిగబట్టి కుడి బుగ్గ మీద చుక్క పెట్టాడు. చెయ్యి వణకలేదు.

మర్నాడు ఊరికి తీసుకుపోయాడు. కామాక్షమ్మ పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకొని చూసింది. మచ్చను వేలితో తడిమింది. ఆమె మొహంలో ఏదో బరువు దిగింది.

“అదే” అన్నది. “అచ్చం అదే.”

మరిదికి విస్తరి వేసి, అన్నం పెట్టి, మామిడికాయ పులుసు పోసింది. ఫొటోను ఎదురుగా స్తంభానికి ఆనించి, తానూ పక్కన కూర్చొని విసనకర్ర అందుకుంది.

“ఆ పొద్దు నిన్ను చూసి ఎట్ట నవ్విందో చూడబ్బయ్యా.”

పద్మనాభయ్య ఈసారి తల తిప్పుకోలేదు. ఫొటో వైపు చూశాడు.

“అవును వదినా” అన్నాడు. “నన్ను చూసే నవ్వింది.”

అని, అన్నం కలుపుకున్నాడు.